ఇంట్లో వినకూడని పాట

రత్నం చేసిన ఆల్బమ్‌లో చివరి పాటను ఇంట్లో పెట్టకూడదు. ఇది మా చిన్నమ్మ పెట్టిన నియమం. నేను ఇలాంటివి నమ్మే మనిషిని కాను. పిల్లి ఎదురొస్తే పాపం దానికేం తొందర పనుందోనని పక్కకు తప్పుకునే రకం. అయినా ఆ పాట వినాలనిపించినప్పుడు ఫోను తీసుకుని, చెప్పులు వేసుకుని, గేటు దాటి, కుప్పం స్టేషనుకు పోయే రోడ్డు మీదికి వెళ్ళి వింటాను. ఈ వయసులో రోడ్డు మీద నిలబడి చెవికి ఫోను ఆనించుకుని ఈవిడ ఎవరితో మాట్లాడుతుందోనని ఎదురింటివాళ్ళు చూస్తుంటారు. ఆల్బమ్‌లో మిగతా పాటలన్నీ అరవంలో ఉంటాయి. వాటిని వంటింట్లో బీన్స్ తరుగుతూ వింటాను. వేగంగా ఉంటాయి, సగం అర్థం కావు, అర్థమైన సగంలో కోపం ఎక్కువ.

రత్నం మా చిన్నాయన కొడుకు. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. అంటే వాడికీ యాభై దగ్గర పడుతోంది. పాతికేళ్ళుగా మద్రాసులో ర్యాప్ పాడుతున్నాడు. వేదిక మీద వాడికి వేరే పేరుంది కానీ ఆ పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు. ఇన్నాళ్ళూ ముగ్గురు స్నేహితులు జట్టుగా పాడేవాళ్ళు. ఒకడు సినిమాలకు సంగీతం చేయడానికి పోయాడు, ఇంకొకడు హోసూరులో ఇళ్ళ స్థలాలు అమ్ముకోవడానికి పోయాడు, వీడు మిగిలాడు. మిగిలినవాడు ఒంటరిగా చేసిన మొదటి ఆల్బమ్ ఇది. జట్టు విడిపోయాక వీడి పని అయిపోయిందని అందరూ అనుకున్నారట. నేనూ అనుకున్నాను. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు వాడు మాత్రం మైకూ పరుపులూ కార్లో వేసుకుని ధర్మపురికి, వాళ్ళమ్మ దగ్గరికి వచ్చాడు. వాడికి ఏం కావలసి వచ్చిందో చెప్పాలంటే, వాడు నా చంకలో ఉన్న రోజుల దగ్గరికి పోవాలి.

మా ఊరు అరవదేశంలో, ధర్మపురి వైపు, మొరప్పూరు నుంచి టౌన్ బస్సులో అరగంట. గడప లోపల తెలుగు, గడప దాటితే అరవం. బడిలో నేర్చింది అరవ అక్షరాలే. నాకు తెలుగు రాయడం పెళ్ళయి కుప్పం వచ్చాక, మా ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్న విద్య. చిన్నప్పటి మా ఇల్లు తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది చింతపండు వాసన. ఎండాకాలం వచ్చిందంటే వసారా నిండా చింతకాయలే. ఆడవాళ్ళు వరసగా కూర్చుని, ఒక రాయి కింద పెట్టి, ఇంకో రాయితో పెంకు కొట్టి, పిక్క తీసి, పండు ఒక పక్కకు నెట్టేవాళ్ళు. పొద్దస్తమానం అదే చప్పుడు. బట్టలు, జడలు, నా బడి పుస్తకాలు, ఆఖరికి మజ్జిగ కూడా అదే వాసన. చిన్నాయనకు మాత్రం చప్పుడు గిట్టదు. సంగటి ముద్ద ఉలవచారులో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాక ఎవరైనా గట్టిగా మాట్లాడితే తినడం ఆపి గోడకేసి చూసేవాడు. మాట అయిపోయాక మళ్ళీ తినేవాడు. కోప్పడడం చూడలేదు కానీ ఆయన గోడకేసి చూస్తే మా అందరికీ ముద్ద దిగేది కాదు.

అలాంటి మనిషికి దొరికిన భార్య మా చిన్నమ్మ. ఆ చుట్టుపక్కల మా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఎవరు పోయినా ముందు ఆమెకు కబురొచ్చేది. ఆమె శోకం ఎత్తితే రాళ్ళు కూడా లేచి కూర్చుంటాయనేవాళ్ళు. శోకం ఎత్తడమంటే ఊరికే ఏడవడం కాదు, పాట కట్టి ఏడవడం. అక్కడికక్కడే, పోయినవాళ్ళను వరస పెట్టి పిలిచి, వాళ్ళు చేసినవన్నీ చెప్పి, ఆ తరువాత వాళ్ళను నిష్ఠూరాలాడాలి. నిష్ఠూరం లేని శోకం ఉప్పు లేని సంగటి అనేది చిన్నమ్మ. కమ్మలు చేయిస్తానని చేయించకపోయావే అని, కూతుర్ని అంత దూరం ఇస్తివే అని, బతికుండగా అనలేనివన్నీ అప్పుడు అనాలి. అన్న మాటలు మాత్రం ఆ గడప దాటకూడదు. చావింట్లో విన్నది చావింట్లోనే వదిలి, కాళ్ళు కడుక్కుని రావాలి.

కబురు రాగానే చిన్నమ్మ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, చీర మార్చుకుని, రత్నాన్ని నా చంకకెత్తేది. వాడు అప్పటికి పాలు మరవలేదు, వదిలి పోవడానికి లేదు. చావిళ్ళకు పసిబిడ్డను తీసుకుపోకూడదని మా అమ్మ గొణిగేది. చిన్నమ్మ వాడి నుదుటన ఇంత బొగ్గు రాసి, మొలతాడుకు వేపరెమ్మ దోపి, దిష్టి సంగతి ముగించేది. అలా నేను హరూరు దాకా ఎన్ని చావిళ్ళు తిరిగానో. ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుంటే, నేను గోడవారన వీణ్ణి ఎత్తుకుని నిలబడేదాన్ని. చిన్నమ్మ గొంతు లేవగానే వీడి ఏడుపు ఆగిపోయేది. ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ వీడు అరచేత్తో నా భుజం మీద ఒక్కటి కొట్టేవాడు. ఒక్కసారి కూడా తప్పేవాడు కాదు. నాకు అదేమీ వింతగా అనిపించలేదు, భుజం నొప్పిగా మాత్రం ఉండేది.

శోకంలో ఒక పద్ధతి నాకు అప్పుడే మనసుకు పట్టింది. వరసైనవాళ్ళు ఎవరైనా ఆలస్యంగా వస్తే, ఎత్తిన శోకం ఆపేసి, వాళ్ళకోసం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోవాలి. మధ్యలో కలవమనకూడదు. ఎంత దూరం నుంచి వచ్చినా, ఎంత పొద్దుపోయి వచ్చినా, మొదటినుంచి వినడం వాళ్ళ హక్కు. చిన్నమ్మ ఒక వాయి అయిపోగానే గేటు వైపు చూసి, “ఆలస్యంగా వచ్చినోళ్ళు ఎవురన్నా ఉండారా?” అని అడిగేది. ఎవరో ఒకరు బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చి, “నేను వచ్చినాను తల్లీ” అనేవాళ్ళు. అంతే, మళ్ళీ మొదలు. శవాన్ని ఎత్తేదాకానే ఇదంతా. ఎత్తాక ఇంక శోకం లేదు.

ఈ విద్య నేర్చుకోవడం ఎలా అన్నది అసలు చిక్కు. చావు లేని ఇంట్లో శోకం ఎత్తితే చావును పిలిచినట్టు. ఒకరికి ఎత్తిన శోకం ఇంకొకరికి ఎత్తకూడదు. మరి నేర్చుకునేదెక్కడ? చిన్నమ్మ నన్ను పొలం చివర చింతతోపుకు తీసుకుపోయేది. అక్కడికి పోయేటప్పుడు చచ్చినదేదో ఒకటి చేతిలో ఉండాలి. చిరిగిన చేట, తెగిపోయిన బావితాడు, నక్క కరిచిన కోడి. దాన్ని మధ్యలో పెట్టి ఇద్దరమూ ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. చేట కోసం ఆమె ఎత్తింది ఇప్పటికీ గుర్తుంది.

“చెరిగి చెరిగి సన్నబడిన చేటా,
చెత్త ఏదో గింజ ఏదో చెప్పినదానా,
చెప్పకుండా చిరిగిపోతివే చేటా...”

నేను మొదట ఎత్తింది బీటపడిన సంగటి కుండకు. రెండు మాటలు అనేసరికి నాకే ఏడుపు ముంచుకొచ్చి గొంతు పూడుకుపోయింది. చిన్నమ్మ మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె విసుక్కుంది. “ఏడుపు గొంతులో కాదు పాపా, మాటలో ఉండాల. నువ్వే ఏడ్చేస్తే వినేటోళ్ళు ఎప్పుడు ఏడిచేది?” అని మళ్ళీ మొదటినుంచి ఎత్తించింది. రత్నం పక్కన చింతపిక్కలు పోగేసుకుంటూ, ఊపిరి దగ్గర నేలమీద ఒక దెబ్బ వేసేవాడు. పిక్కలు ఏరుతున్నవాడు తల ఎత్తకుండానే నేను ఎక్కడ తడబడ్డానో చేత్తో చూపించేవాడు. నాకు ఒళ్ళు మండేది.

వాడికి ఐదేళ్ళు వచ్చాయనుకుంటాను, హరూరులో మా దగ్గరి బంధువులింట నిశ్చితార్థానికి పోయాం. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు అంటారే, అచ్చం అదే జరిగింది. పందిట్లో తాంబూలాలు మార్చుకోవడం అయ్యాక పెద్దవాళ్ళు తీరిగ్గా కూర్చుని పిల్లల చేత పాటలు పాడించారు. ఒకడు సినిమా పాట, ఒకతె దేవుడి పాట. “నువ్వు పాడు రా కన్నా” అని రత్నాన్ని ముందుకు తోశారు. వాడికి పాటంటే తెలిసింది ఒకటే. సిగ్గేమీ పడకుండా పెళ్ళికొడుకు ఎదుట చక్కగా మఠం వేసుకుని కూర్చుని, నేలమీద చేత్తో తాళం వేసుకుంటూ ఎత్తుకున్నాడు.

“పట్టుపంచె కట్టిన మామా, పందిట్లో కూసున్న మామా...”

అబ్బ, ఎంత బాగా పాడుతున్నాడని అందరూ ముక్కున వేలేసుకున్నారు. అప్పటికప్పుడు మామను చూసి పాట కట్టేశాడని పెళ్ళికొడుకు మురిసిపోయాడు. నాకు మాత్రం తరువాత ఏమొస్తుందో తెలుసు. లేచి నోరు మూసేలోపే వాడు అనేశాడు.

“పిలిస్తే పలకవేమి మామా,
నలుగురు మోసే పల్లకి వచ్చె, లేచి రావేమి మామా...”

పందిట్లో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. పెళ్ళికొడుకు అవ్వ గుండెలు బాదుకుంది. పసుపునీళ్ళు చల్లి, పందిరంతా ఊడ్చి, కుండెడు నీళ్ళు వాకిట్లో పగలగొట్టి, తాంబూలాలు మళ్ళీ మొదటినుంచి మార్చుకున్నారు. ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వే వస్తుంది. ఆ పెళ్ళికొడుకు హరూరులో ఇప్పటికీ ఎరువుల అంగడి నడుపుతూ మా అందరికంటే గట్టిగా ఉన్నాడు. ఆ రోజు మాత్రం చిన్నాయన బస్సులో కిటికీలోంచి బయటికే చూస్తూ వచ్చాడు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, “ఇంక వాణ్ణి చావిళ్ళకి ఎత్తుకోని పోవద్దు. వాని పాట నా చెవిన పడకూడదు” అన్నాడు. ఒక్కసారే అన్నాడు. మా ఇంట్లో ఆయన మాట రెండోసారి అనాల్సిన పని ఎప్పుడూ లేదు.

చిన్నమ్మ వాణ్ణి చావిళ్ళకు తీసుకుపోవడం మానేసింది. తోపుకు పోవడం కూడా ఆగిపోయింది, నాకు పెళ్ళీడు వచ్చింది, పెళ్ళీడు పిల్ల శోకం ఎత్తకూడదు. ఆ తరువాత కుప్పంలో ఇచ్చారు. మా అత్తగారి వైపు ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మౌనంగా ఏడుస్తారు, పాట కడితే మోటుదనం అనుకుంటారు. అలా నేను నేర్చిన విద్య కుండకు, చేటకు, కోడికి తప్ప మనిషికి పనికిరాకుండానే ఉండిపోయింది. రత్నం నోరు మూసుకుని పెరిగాడు. అన్నం ముందు కూర్చున్నప్పుడు కంచం అంచు మీద వేళ్ళు ఆడేవి, చిన్నాయన గోడకేసి చూసేవాడు, వేళ్ళు ఆగేవి. ఇంజినీరింగు చదివాడు, చదువు అయిన నెలలోనే మద్రాసు పోయాడు. కొన్నేళ్ళకు వాళ్ళ జట్టు పాట ఒకటి సినిమాలో పడింది. అప్పట్లో కొన్ని నెలలపాటు మా వైపు ప్రైవేటు బస్సులన్నిట్లో అదే మోగింది. చిన్నాయన ఆ పాట ఊసే ఎత్తలేదు. తండ్రీకొడుకులు కలిసినప్పుడు వానల గురించి, మరవల్లి గడ్డ, అదే కర్రపెండలం, పంట గురించి మాట్లాడుకునేవాళ్ళు. కొట్లాటంటూ ఏమీ లేదు, మాటంటూ కూడా ఏమీ లేదు.

చిన్నాయన ఒక పొద్దున పొలంలో నీళ్ళకు మడవ మారుస్తూ ఒరిగిపోయాడు. రత్నం ఆ రోజు సింగపూరులో పాడుతున్నాడు. నేను పొద్దెక్కేసరికే చేరుకున్నాను. ఆ రోజు చిన్నమ్మ ఎన్నిసార్లు మొదటినుంచి ఎత్తిందో, వచ్చినవాళ్ళకల్లా ఎత్తింది. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయింది. వరసైనవాళ్ళందరూ వచ్చేశాక కూడా గేటు వైపు చూసి అడుగుతూనే ఉంది, “ఆలస్యంగా వచ్చినోళ్ళు ఎవురన్నా ఉండారా?” అని. ఎవరి కోసం అడుగుతోందో అందరికీ తెలుసు. పెద్దవాళ్ళు ఆగినంతసేపు ఆగారు. పొద్దు వాలుతోందని ఎత్తేశారు. మర్నాడు రత్నం వచ్చేసరికి ఆమె తలంటు పోసుకుని వసారాలో కూర్చుని ఉంది. వాడు కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఆమె నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. ఎత్తాక ఎత్తకూడదు కదా. లోపలికి పోయి సంగటి తెచ్చి ముందు పెట్టి, “తిను” అంది.

ఆ శోకంలో ఏముందో నాకు తెలుసు. కొడుకు గురించి ఒక మాట ఉంది అందులో. అది వాడికి చేరాల్సిన మాట. కానీ చావింటి మాట గడప దాటించకూడదని నన్ను పెంచిన మనిషే ఆమె. వాడు అడిగినప్పుడల్లా, “అడగాల్సిన మనిషిని అడుగు” అన్నాను.

అడగడానికి వాడికి పన్నెండేళ్ళు పట్టింది. చిన్నమ్మ అప్పటికి ధర్మపురిలో కూతురు సరోజ ఇంట్లో ఉంది. కూర్చున్నచోటి నుంచే వంటిల్లు నడిపేది, ఉప్పు తక్కువైతే వాసన చూసి చెప్పేది. రత్నం ఆ ఇంటి మేడమీది గదికి, బయటి చప్పుడు రాకుండా, చుట్టూ పరుపులు వేలాడదీసి, పాటలన్నీ అక్కడే రికార్డు చేశాడు. ఒక్కటి తప్ప. ఆ ఒక్కదానికి మాటలు రాసిపెట్టమని నన్ను కుప్పం నుంచి పిలిపించాడు. “నాకు తెలుగు మాట్లాడేదానికి వస్తుంది అక్కా, కట్టేదానికి రాదు” అన్నాడు. నేను వచ్చాక అసలు సంగతి బయటపెట్టాడు. వాడికి కావలసింది నా మాటలు కాదు.

“అమ్మా, నాయనకి నువ్వు ఎత్తిన శోకం నాకు కావాల. ఒక్కసారి ఎత్తు.”

చిన్నమ్మ వెల్లుల్లి ఒలుస్తోంది. “నీకేమన్నా తిక్కా? సరోజ పిల్లాపాపలతో ఉండే ఇల్లు ఇది.”

“పాటలో పెట్టుకుంటానమ్మా. కడపటి పాట అదే.”

“పాటలో పెట్టుకో, పప్పులో పెట్టుకో. చావు లేని ఇంట్లో శోకం ఎత్తరు.”

“పాట కోసం కాదులే.” వాడు కింద కూర్చున్నాడు. నెరిసిన గడ్డం, చెవికి పోగు, చేతుల నిండా పచ్చబొట్లు, ఆ ఆకారంతో వాళ్ళమ్మ ఎదుట మఠం వేసుకుని కూర్చుంటే నాకు హరూరు పందిరి గుర్తొచ్చింది. “అందురూ విన్నారు. ఎరువుల అంగడి మామ కూడా విన్నాడు. నేనొక్కణ్ణే వినలేదు. నాయన గురించి నువ్వు ఏమి చెప్పినావో నాకు తెలియకుండానే నేను పోతానా?”

చిన్నమ్మ వెల్లుల్లి రేకలన్నీ గిన్నెలో వేసింది. ఆ తరువాత నా వైపు తిరిగి, “తోపులో చింతకాయ దులిపినారా పాపా?” అని అడిగింది.

మర్నాడు పొద్దున్నే కార్లో మొరప్పూరు దారి పట్టాం. ఏసీ వద్దని అద్దాలు దింపించింది. తోపులో చిన్నాయన సమాధి ఉంది, ఆయన కోరిక మీదే పొలంలో పెట్టాం. చిన్నమ్మ చింతచెట్టుకు వీపు ఆనించి, సమాధి కనిపించేలా కూర్చుంది. రత్నం మైకు నిలబెట్టాడు. ఆమె అటూ ఇటూ చూసి, “చచ్చినది ఏది?” అంది. వాడికి అర్థం కాలేదు. “ఉత్తినే ఎత్తకూడదురా. మధ్యలో పెట్టేదానికి చచ్చినది ఏదన్నా కావాల. ఏమి తెచ్చినావు?”

రత్నం సంచి దగ్గరికి లాక్కున్నాడు. “మా జట్టు చచ్చిపోయిందమ్మా” అన్నాడు. ముగ్గురూ కలిసి మొదట కొనుక్కున్న పాత మైకు సంచిలోంచి తీసి, చింతాకు మీద పెట్టాడు. చిన్నమ్మ దాన్ని తిప్పి చూసి, సరేనని తల ఊపి, ఎత్తుకుంది. ఎనభై దాటిన గొంతు, మొదట గీరుకుంది, తరువాత దారి దొరికించుకుంది.

“ముగ్గురు కలిసి మూట మోసిన జట్టా,
సినిమాకి ఒకణ్ణి ఇస్తివే జట్టా,
సైట్లు అమ్మను ఒకణ్ణి ఇస్తివే జట్టా,
నా కొడుకుని ఒంటిగాణ్ణి చేస్తివే జట్టా...”

రత్నం కడుపు పట్టుకుని నవ్వాడు. ఇన్నేళ్ళలో తమను ఎవరూ ఇంత బాగా తిట్టలేదన్నాడు. నవ్వుతూనే ఊపిరి దగ్గర నేలమీద దెబ్బ వేస్తున్నాడు. అది అయిపోయింది. చిన్నమ్మ నీళ్ళడిగి తాగింది. సమాధి వైపు చూస్తూ, ఎవరినీ చూడకుండా అడిగింది, “ఆలస్యంగా వచ్చినోళ్ళు ఎవురన్నా ఉండారా?”

నేను వాణ్ణి మోచేత్తో పొడిచాను. అప్పుడు వెలిగింది. నవ్వంతా పోయింది.

“నేను వచ్చినానమ్మా” అన్నాడు.

ఆమె మొదటినుంచి ఎత్తుకుంది, మా వైపు ఆడవాళ్ళు మొగుణ్ణి పిలిచే ‘మామా’ అన్న వరసతో.

“పొద్దు పొడవకుండా పొలానికి పోతివే మామా,
పొలం ఈడనే ఉంది, నువ్వు ఏడికి పోతివి మామా...”

ఆ రోజు నేను విన్నవే, అదే వరసలో. పిలుపు, పొగడ్త, ఆ తరువాత నిష్ఠూరం. కమ్మల సంగతి వచ్చింది, గోడకేసి చూసే సంగతి వచ్చింది. ఆ తరువాత ఇది వచ్చింది.

“కొడుకు పాట చెవిన పడకూడదంటివే మామా,
హరూరు బస్సులో అది మోగతా ఉంటే
మనూరు వచ్చినా దిగకపోతివే మామా,
కడదాకా పోయి ఎండలో నడిచి వస్తివే మామా,
ఏమంటే కునుకు పట్టిందంటివే మామా,
నాకు తెలవదనుకుంటివే మామా...”

రత్నం చెయ్యి గాల్లోనే ఆగింది. ఊపిరి దగ్గర దెబ్బ పడలేదు. వాడు మొదటిసారి తాళం తప్పడం నేను చూశాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. చిన్నమ్మ కంట్లో మాత్రం చుక్క లేదు. అయ్యాక చేతులు దులుపుకుని, “ఇంక అయింది. నీ పాలు నీకు వచ్చింది” అంది. పాటలో పెట్టుకోనా అని వాడు అడగలేక అడిగితే, “పెట్టుకో. చావు లేని ఇంట్లో మాత్రం అది మోగకూడదు. వినేటోళ్ళకి చెప్పు” అంది.

వాడు చెప్పాడు. ఆల్బమ్ కింద ఆ మాటే రాశాడు, ఈ పాట ఇంట్లో వినవద్దని. కుర్రకారు అదేదో స్టైలు అనుకున్నారు. మిద్దెల మీద, బస్టాండుల్లో, బీచిలో నిలబడి ఆ పాట వింటూ వీడియోలు తీసి పెట్టారు. భాష తెలియనివాళ్ళు కూడా ‘మామా’ అన్నచోట కళ్ళు మూసుకుంటున్నారట. సరోజ మనవడు ఒకసారి మరిచిపోయి హాల్లో పెట్టాడు. చిన్నమ్మ లేచి వెళ్ళి వాడి చేతిలో ఫోను లాక్కుని, పెరట్లో బట్టలుతికే బండ మీద పెట్టి వచ్చింది. పాట అయ్యేదాకా అది ఎండలోనే పాడుకుంది.

పోయిన మాసి నెలలో, చలి తగ్గే రోజుల్లో, చిన్నమ్మ పోయింది. నిద్రలో, ఎవరికీ పని పెట్టకుండా. జోలార్‌పేటలో రైలు తప్పిపోయి నేను చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వీధిలో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, హాల్లో అద్దాల పెట్టె, దాని మోటారు గుయ్యిమంటోంది. మా చిన్నప్పుడు చావిల్లు నాలుగు వీధుల అవతలికి వినిపించేది. ఇక్కడ అందరూ గుసగుసగా మాట్లాడుకుంటూ, మధ్యమధ్య ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. ఈ రోజుల్లో శోకానికి కూడా బృందాలున్నాయి. మైకులూ స్పీకర్లూ తెచ్చి అరవంలో పాడిపోతారు. సరోజ పెనిమిటి వాళ్ళను పిలిపించాడట. రత్నం వాళ్ళకు టీ ఇప్పించి, దణ్ణం పెట్టి, పంపించేశాడు. పంపించాడు గానీ ఆ తరువాత ఏం చేయాలో వాడికి తెలియలేదు. సరోజకు శోకం రాదు, ఆమె కోడళ్ళకు తెలుగే సరిగా రాదు. ఊళ్ళన్నీ తిరిగి అందరి వాళ్ళకూ ఎత్తిన మనిషి మోటారు చప్పుడు వింటూ పడుకుని ఉంది.

నన్ను చూసి రత్నం లేచి వచ్చాడు. చేతిలో ఫోను. కళ్ళు వాచి ఉన్నాయి. “అక్కా, ఇప్పుడు ఇంట్లో పెట్టొచ్చు కదా?” అన్నాడు.

“అది మీ నాయనది రా” అన్నాను. “ఒకరికి ఎత్తింది ఇంకొకరికి కాదు.”

వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. నా మొహం చూస్తూ నిలబడ్డాడు. నేను చెప్పులు విడిచి, పెట్టె పక్కన చాప మీద కూర్చున్నాను. సరోజ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. అరవై దాటిన దాన్ని, మనిషి కోసం ఎప్పుడూ ఎత్తనిదాన్ని. ఏడుపు గొంతులో కాదు, మాటలో ఉండాలి. ముందు వరస పెట్టి పిలవాలి. పిలిచాను.

“చేటకి నేర్పితివే చిన్నమ్మా, కుండకి నేర్పితివే చిన్నమ్మా,
చెప్పకుండా పోతివే, నీకు ఎత్తేది నేర్పకపోతివే చిన్నమ్మా...”

కుర్చీల చప్పుడు ఆగింది. ఊపిరి తీసుకున్నాను. నా పక్కన నేలమీద ఒక దెబ్బ పడింది, సరిగ్గా పడాల్సిన చోట. మళ్ళీ తీసుకున్నాను, మళ్ళీ పడింది. నిష్ఠూరాల దాకా పోయి, ఆగి, గేటు వైపు తిరిగి అడిగాను, “ఆలస్యంగా వచ్చినోళ్ళు ఎవురన్నా ఉండారా?”

హరూరు ఎరువుల అంగడి మామ కర్ర పొడుచుకుంటూ షామియానా కిందికి వస్తున్నాడు. “నేను వచ్చినాను తల్లీ” అన్నాడు.

నేను మొదటినుంచి ఎత్తుకున్నాను.